సాగరు లాంచీ ఎక్కి సముద్రపు ఒడ్డుకు

రాండ్రి పిల్లలూ, ఇట్ల అరుగు మీదికి రాండ్రి. కాళ్లు కడుక్కున్నోళ్లు చాప మీద, కడుక్కోనోళ్లు మెట్ల మీద. ఆ పల్లికాయ గంప నడుమల పెట్టుకోండ్రి, ఒలుచుకుంట వినొచ్చు. ఇయ్యాల ముచ్చట అమెరికాల మొదలై మన నల్లమలల తేలుతది. మీ పెద్దత్త నిన్న ఫోనుల ఫొటోలు పంపింది కదా, ఇంటిల్లిపాది సియాటెల్ కాడ ఓడెక్కి అలాస్కా ఒడ్డు పొంటి తిరిగొచ్చిండ్రని. ఒకదిక్కు మంచు కొండలు, ఇంకోదిక్కు చీమ దూరని చిట్టడవి, నడుమ సన్నటి నీలి నీళ్లల్ల అంత పెద్ద ఓడ. అవి చూసినప్పటి సంది మన చిన్నోనికి ఒక్కటే రంధి. "మన దిక్కు అసుంటిది ఎందుకు లేదు తాతా?"

లేదని ఎవరన్నరు బిడ్డా? మన దేవరకొండల పొద్దుగాల బస్సెక్కితె ఎండ ముదరక ముందే నాగార్జునసాగర్ చేరొచ్చు. అక్కడ లాంచీ స్టేషను ఉన్నది. వానకాలం పోయి, డ్యామ్ నిండి, చలి మొదలయ్యే యాళ్లకు తెలంగాణ టూరిజం వాళ్లు అక్కణ్నుంచి శ్రీశైలం దాక లాంచీ నడుపుతరు. నూటపది కిలోమీటర్ల దాక నీళ్ల దారి. పొద్దున ఎక్కితె, పగలంత నీళ్ల మీదనే గడిచి, శ్రీశైలం డ్యామ్ కింద లింగాలగట్టు కాడ దిగుతరు. నీళ్లకు ఎదురు పోతం కాబట్టి కుడిచేతి దిక్కు ఒడ్డు మనది. ముందుగాల నల్లగొండ జిల్లా, తర్వాత నాగర్‌కర్నూల్, అంటే మా కాలపు పాలమూరు. ఎడమచేతి దిక్కు ఆంధ్ర. ఒక్కటి యాదుంచుకోండ్రి, లాంచీ ఎక్కంగనె ఉరికిపోయి కుడిపక్క కిటికీ కాడ కూసోవాలె. ఎందుకో ముంగట చెప్తా.

అలాస్కా నీళ్లకు, మన నీళ్లకు చుట్టరికం ఎట్ల కలిసిందో ముందు వినుండ్రి. మన ఊరి చెరువును తల్చుకోండ్రి. ఎండకాలం చెరువు ఎండినప్పుడు శిఖంల మీరు క్రికెట్ ఆడుతరు. అప్పుడు అక్కడ ఏముంటది? నడుమల వాగు పారిన గాడి, అటిటు మిట్టలు, రెండు మూడు గుండ్లు. రెండు మంచి వానలు పడి చెరువు నిండినాక అదే జాగకు వచ్చి చూడుండ్రి. గాడి మాయం. మిట్టలు దీవులైతయి. వాగులు వచ్చి కలిసే దిక్కు నీళ్లు సందు సందులకు ఎగబాకి పోతయి. గుండు నెత్తి మీద కొంగ నిలబడ్తది. ఆ దీవిని ఎవరూ మోసుకొచ్చి పెట్టలేదు. ఉన్న మిట్ట చుట్టు నీళ్లొచ్చినయి, అంతే. ఈ ఒక్క ముక్క మనసుల పెట్టుకుంటె అలాస్కా అయినా, నార్వే అయినా, సాగర్ అయినా ఇట్టే అర్థమైతది. కొండల నడుమ లోయ ముందే ఉంటది. దాన్ని చెక్కినోళ్లు ఒకరు, ముంచినోళ్లు ఇంకొకరు.

అలాస్కాల చెక్కింది మంచు. మన దగ్గర పొద్దున గడ్డి మీద పడే మంచు కాదు. వందల మీటర్ల మందం గడ్డకట్టి, తన బరువుకు తనే మెల్లమెల్లగ కిందికి జారే మంచు. దాని అడుగున ఇరుక్కున్న రాళ్లు కొండను ఒరుసుకుంట పోతయి. అందుకే అక్కడి లోయలు అడుగున వెడల్పు, గోడలు నిట్టనిలువు. ముంచింది సముద్రం. 20 వేల ఏళ్ల కింద భూమ్మీది నీళ్లు ఎంతగనం మంచయి ఉండెనంటే, సముద్రం ఇప్పటికన్న 120 మీటర్లు కిందికి ఉండె. మంచు కరిగింది, సముద్రం లేచింది, లోయలల్లకు ఎక్కింది. ఇదంత ఎన్నడో జరిగి ఆగిపోయిందనుకోకుండ్రి. 1794లో వాంకూవర్ అనే ఇంగ్లండు కెప్టెను మనుషులు అటు పోయినప్పుడు, ఇప్పుడు గ్లేసియర్ బే అని పిలిచే అఖాతమే దాదాపు లేదు, మంచు గోడ ఉండె. 1879లో జాన్ మ్యూర్ అనే ప్రకృతి ప్రేమికుడు పోయేసరికి ఆ గోడ యాబై కిలోమీటర్ల దాక వెనక్కి జరిగింది. 1916 వరకు వంద కిలోమీటర్ల దగ్గర. ఇయ్యాల అంతంత ఓడలు తిరిగే నీళ్లు, మా ముత్తాతల నాడు మంచు కింద ఉండె.

మన దగ్గర చెక్కింది కృష్ణమ్మ. మహాబలేశ్వరం కాడ పుట్టి, తంగడి కాడ పాలమూరు గడ్డ మీద అడుగుపెట్టి, నల్లమల గుట్టలను కోసుకుంట కోసుకుంట పారింది. ముంచింది మనుషులు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిండు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. నడుమల ఒక రాతి గోడ లేచింది. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. కాంక్రీటు పోయకుండ రాయి ఎందుకు పేర్చిండ్రంటరా? సిమెంటు ఖర్చు తగ్గుతది, రాయి అక్కడనే దొరుకుతది, పని కోసం ఎదురుచూసే మనుషులు ఎందరో. ఆ మనుషులల్ల మన పాలమూరోళ్లు చానమంది. దేశంల ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు లేబర్ చెయ్యి పడాల్సిందే. మా మేనమామ ఒకాయన కట్టెల మెట్ల మీద రాయి మోసిండు. "కిందికి చూస్తె కండ్లు తిరుగుతయిరా, పైకే చూసుకుంట ఎక్కెటోళ్లం" అని చెప్పెటోడు. ఆ గోడ నీళ్లను ఆపేది తన బరువుతోటే. నీళ్లు ఎంత లోతుంటె అంత గట్టిగ తోస్తయి కాబట్టి అడుగున గోడ వెడల్పు, పైన సన్నం. నిండు సాగర్‌ల లాంచీ మీది నుంచి వెనక్కి తిరిగి చూస్తె మీకు కనపడేది గోడ నెత్తి మాత్రమే. మా మామ మోసిన రాళ్లు నీళ్ల కింద ఉన్నయి.

కొంత దూరం పోయినాక నీళ్ల నడుమ ఒక గుట్ట కనపడ్తది. అది నాగార్జునకొండ. ఇప్పుడు దీవి, అప్పుడు గుట్ట. దాని కింది లోయల 1700 ఏళ్ల కింద ఇక్ష్వాకులు ఏలిన విజయపురి ఉండె. డ్యామ్ కడితె అదంత మునుగుతదని తెలిసి, 1954 నుంచి 1960 దాక పురావస్తు శాఖ వాళ్లు ఆర్. సుబ్రహ్మణ్యం ముంగటుండి లోయంత తవ్వించిండ్రు. దొరికిన కట్టడాలల్ల కొన్నింటిని రాయి రాయి విప్పి, గుట్ట నెత్తి మీదికి, ఒడ్డున అనుపు కాడికి తీసుకొచ్చి మళ్ల కట్టిండ్రు. మ్యూజియం ఇప్పుడు ఆ దీవి మీదనే ఉన్నది. అనుపుల మెట్లు మెట్లుగ కట్టిన రంగస్థలం ఒకటుంది. నడుమ నిలబడి మాట్లాడితె పై మెట్టు మీద కూసున్నోనికి వినపడ్తది. మైకు లేని కాలంల అది మైకు. శబ్దం గోడకు తగిలి తిరిగొస్తదని ఆ కట్టినోళ్లకు బాగ ఎరుక.

ఆ ఎరుక మీరు లాంచీల కూడ వాడుకోవచ్చు. లోయ ఇరుకయినాక హారన్ మోగితె గుట్టలు బదులు పలుకుతయి. అప్పుడు గడియారం చూడుండ్రి. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతది. హారన్ మోగిన రెండు సెకండ్లకు బదులొచ్చిందనుకో, పోను ఒక సెకను, రాను ఒక సెకను. అంటే గుట్ట 340 మీటర్ల దూరంల ఉన్నట్టు. టేపు లేదు, తాడు లేదు, కూసున్న కాడనే గుట్టను కొలిచినవు. అలాస్కా దిక్కు పాతకాలం కెప్టెన్లు పొగమంచుల కన్ను కనపడకపోతె ఇదే లెక్కతోటి ఓడ నడిపెటోళ్లు. ఈల వెయ్యాలె, బదులు ఎన్ని సెకండ్లకు వచ్చిందో చూడాలె, ఒడ్డు ఎంత దూరమో తెలుసుకోవాలె. రాడార్ రాక ముందు వాళ్ల చెవులే కండ్లు.

దారిల డిండి వాగు ఏలేశ్వరం కాడ కృష్ణల కలుస్తది. పాలమూరు దిక్కు పుట్టి నల్లగొండ దిక్కు వచ్చి కలిసే వాగు అది. ఏలేశ్వరం ఊరు నీళ్లల్ల మునిగింది. నేరేడుగొమ్ము దిక్కు బ్యాక్ వాటర్ ఒడ్డున వైజాగ్ కాలనీ ఉన్నది. విశాఖ దిక్కు నుంచి వచ్చి, చేపలు పట్టుకొని బతికే కుటుంబాలు అక్కడ స్థిరపడ్డయి. సముద్రం మీద పుట్టిన చేతులు మన నల్లగొండల వల విసురుతున్నయి. ఆ దిక్కు చేపల పులుసు తిని రాని మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు.

మనుషులే కాదు, ఆ చేపల కోసం నీటికాకులు కూడ కాసుకొని ఉంటయి. నల్లగ ఉంటయి, ఎండిన చెట్టు కొమ్మ మీద రెండు రెక్కలు చాపుకొని కూసుంటయి. పాపం, దండం పెడ్తున్నదా అని చిన్నోడు అడిగిండు ఒకపారి. కాదు బిడ్డా, బట్టలు ఆరేసుకుంటున్నది. బాతు ఈకలు నూనె పట్టి ఉంటయి, నీళ్లు అంటవు, అందుకే బాతు పైన తేలుతది. నీటికాకి రెక్కల ఈకలు నీళ్లు పీల్చుకుంటయి. అది లోపమనుకోవద్దు. ఈకలల్ల గాలి నిలవదు కాబట్టి సులువుగ మునుగుతది, నీళ్ల కింద చేపను తరుముతది. తడిసినందుకు తర్వాత ఎండల కూసోవాలె, అవి దాని పాట్లు. కృష్ణ ఒడ్డు రాళ్ల మీద చలికాలం పొద్దున మొసలి కూడ ఎండకే పండుకుంటది. దాని ఒంట్లె పొయ్యి లేదు. వేడి కావాల్నంటె ఎండకు రావాలె, ఎక్కువైతె నోరు తెరవాలె, లేకపోతె నీళ్లల్లకు పోవాలె.

ఇగ కుడిపక్క కూసోమన్న సంగతికి వద్దాం. అన్నం గిన్నె అడుగున నెయ్యి దాచినట్టు దీన్ని దాచిపెట్టిన. మన దేవరకొండ, చందంపేట దిక్కు గుట్టలు ఎట్లుంటయి? గుండ్లు గుండ్లు. బూడిదరంగు, గులాబిరంగు. అది గ్రానైటు. భూమి లోపల కాగి, లోపలనే తాపీగ చల్లారిన రాయి. వయసు 250 కోట్ల ఏళ్ల దగ్గర. లాంచీ లోపలికి పోయేకొద్ది ఈ గుండ్లు కరువైతయి. వాటి జాగల అడ్డం గీతలు పడ్డ నిలువు గోడలు లేస్తయి. పలక మీద పలక, పలక మీద పలక. తెలుపు, పసుపు, ఇటుకరంగు. అది ఏందనుకున్నరు? ఇసుక. అవును, ఇసుకనే. నలిగి, బిగిసి, రాయి అయిన ఇసుక. భూగర్భ శాస్త్రం వాళ్లు దాన్ని శ్రీశైలం క్వార్ట్‌జైటు అంటరు.

అంత ఇసుక ఎవరు పోసిండ్రు? కడప నుంచి మన నల్లమల దాక ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం ఉండె. ఆ పల్లాన్ని ఇప్పుడు కడప బేసిన్ అంటరు. దాని ఉత్తరపు ఒడ్డు ఎక్కడో తెలుసా? మన నల్లగొండ, మన పాలమూరు. ఇక్కడి గ్రానైటు గుట్టలు ఎండకు పగిలి, వానకు అరిగి, పొడి పొడి అయి, వాగులల్ల కొట్టుకపోయి ఆ నీళ్లల్ల పరుచుకున్నయి. వంద కోట్ల ఏళ్లకు పైమాటే ఆ ముచ్చట. ఆనాడు మన చిన్నోడు ఆ ఒడ్డున నిలబడ్డడనుకోండ్రి. చెట్టు లేదు, గడ్డి లేదు, చీమ లేదు, చేప లేదు. నేలంత బోడి. నీళ్లల్ల ఉన్నవి కంటికి ఆనని జీవులే. ఊపిరికి సరిపోయేంత ఆక్సిజను గాలిల లేదు. భూమి ఇప్పటికన్న జోరుగ తిరిగేది కాబట్టి రోజుకు 24 గంటలు కూడ లేవు. బడికి పోతె తొందరగ ఇంటికి రావొచ్చు, కని బడి లేదు, ఇల్లు లేదు, అడగనీకి మనిషే లేడు.

"నువ్వు చూసినట్టె చెప్తున్నవు, ఎట్ల తెలుసు తాతా?" మంచి మాట అడిగినవు. వాగు అంచున నీళ్లు తీసినాక ఇసుక మీద సన్నటి అల గీతలు చూసిండ్రు కదా, ఒకదాని పక్కన ఒకటి, వంకర వంకరగ? ఆ గీతలు ఈ రాతి పలకల మీద ఇప్పటికీ ఉన్నయి. వంద కోట్ల ఏళ్ల కింద ఒక అల వచ్చిపోయింది, ఇసుక మీద గీత గీసింది. ఆ గీత చెరగక ముందే ఇంకో పొర వచ్చి దాన్ని కప్పింది. రాజులు రాసిన శాసనాలే కొన్ని అరిగిపోయినయి, అల రాసింది నిలిచింది. అందుకే చెప్తున్న. మీ పెద్దత్త ఈనాటి ఉత్తరపు సముద్రపు ఒడ్డుకు పోయొచ్చింది. మీరు అంతకు వంద కోట్ల ఏళ్ల ముందటి ఉత్తరపు ఒడ్డుకు పోతరు. దానికి వీసా కూడ అక్కరలేదు.

గ్రానైటు, ఇసుకరాయి కలిసే అతుకు కూడ మన నల్లగొండలనే దొరుకుతది. లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్ దిక్కు నెత్తి చదునుగ ఉన్న గట్లు ఉన్నయి. కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు. ఆ రెండింటి నడుమ గులకరాళ్ల పొర, అంటే ఆనాటి ఒడ్డు. ఒక చెయ్యి కింది రాయి మీద, ఒక చెయ్యి పై రాయి మీద పెడితె, మీ రెండు చేతుల నడుమ కోట్లకు కోట్ల ఏళ్ల సందు ఉంటది. ఆ సందుల పారిన నీళ్లు గ్రానైటుల ఉన్న యురేనియాన్ని కరిగించుకొని అతుకు కాడ దించినయి. అందుకే అక్కడ యురేనియం దొరికింది. అడవిల తవ్వకాలు వద్దని 2019లో నల్లమల ఊళ్లు గొంతెత్తినయి, శాసనసభ కూడ వద్దని తీర్మానం చేసింది.

గ్రానైటు ముచ్చట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి చెప్పకుండ ముంగటికి పోలేను. మన నల్లగొండ బావులల్ల ఫ్లోరైడ్ ఎక్కడ్నుంచి వచ్చింది? ఈ రాయిలనుంచే. వాన నీళ్లు రాతి పగుళ్లల్ల ఏండ్లకు ఏండ్లు నిలిచి, రాయిల ఉన్న ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటయి. ఆ నీళ్లు తాగి ఎందరి ఎముకలు వంగినయో మర్రిగూడ, మునుగోడు దిక్కు పెద్దోళ్లను అడగండ్రి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతిని నాగ్‌పూర్ నీరీ శాస్త్రవేత్తలు తయారు చేస్తె, దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు పడ్డది. నది నీళ్లల్ల ఈ పీడ తక్కువ, ఎందుకంటె పారే నీళ్లు రాయి కాడ ఆగి ముచ్చట పెట్టవు. కని కృష్ణ మన కింద, మనం మీద. సాగర్ పక్కనే ఉన్నా దేవరకొండ మిట్టకు కాలువ నీళ్లు ఎక్కవు. నీరు పల్లమెరుగు అన్నరు కదా. అందుకే పుట్టంగండి కాడ మోటర్లు పెట్టి అక్కంపల్లి దాక ఎత్తిపోసిండ్రు. మనకే కాదు, హైదరాబాదుకు కూడ ఆ నీళ్లే పోతున్నయి.

"అంత ఇనుము ఉన్న లాంచీ మునగదా?" అని మీ నాయనమ్మ ఎక్కేటప్పుడల్ల అడుగుతది. ఇంటికి పోయి ఒక పని చెయ్యండ్రి. బకెట్టు నీళ్లల్ల ఒక మొల వెయ్యండ్రి, బుడుంగున మునుగుతది. దానికి వంద రెట్లు బరువున్న స్టీలు గిన్నె పెట్టండ్రి, తేలుతది. గిన్నె తన లోపలి ఖాళీతోటి ఎక్కువ నీళ్లను పక్కకు జరుపుతది. జరిగిన నీళ్ల బరువు గిన్నె బరువుకు సమానమయ్యే దాక మునిగి, అక్కడ ఆగుతది. ఇప్పుడు గిన్నెల ఒకపక్కకు నాలుగు గులకరాళ్లు వెయ్యండ్రి. ఒరిగి, అంచు మీది నుంచి నీళ్లు ఎక్కినయి కదా? అందుకే లాంచీల ఫొటోల కోసం అందరు ఒకపక్కకే ఉరకొద్దు. 2007 జనవరిల కొల్లాపూర్ దగ్గర కృష్ణల ఒక పడవ మునిగి పదుల మంది ప్రాణాలు పోయినయి. మనిషి ఒళ్లు నీళ్లకన్న ఎక్కువ బరువుండది, దాదాపు తేలుతది. తల మీదికి ఉండనీకి కొద్ది కిలోల ఊతం చాలు. లైఫ్ జాకెట్టు ఇచ్చేది ఆ కొద్ది కిలోలే. ఉక్కపోస్తదని విప్పినోని చెవి మెలిపెట్టే హక్కు నాకున్నది.

నీళ్ల రంగు కూడ చూడుండ్రి. శ్రావణంల వరద వచ్చినప్పుడు కృష్ణ ఎర్రమట్టి రంగు. చలికాలం అదే కృష్ణ పచ్చగ తేటగ ఉంటది. పారే నీళ్లు మట్టిని మోస్తయి, ఆగిన నీళ్లు దించేస్తయి. దించిన మట్టి ఎటు పోతది? అడుగునే ఉంటది. సాగర్ కట్టిన కొత్తల 408 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 312. శ్రీశైలం 308 పట్టేది, ఇప్పుడు 215. ఒక్క టీఎంసీ అంటె 2,800 కోట్ల లీటర్ల పైన. అంతంత జాగను ఒండ్రు తినేసింది. లోతు నీళ్లు నీలంగ ఎందుకు కనపడ్తయంటె, నీళ్లు ఎండల ఉన్న ఎరుపును మింగి నీలాన్ని వదిలిపెడ్తయి. పెద్దత్త ఫొటోలల్ల మంచు గడ్డ నీలంగ ఉన్నదే, దానికి కూడ అదే కారణం. మన దగ్గర కంటికి కనపడని నాచు కలిసి పచ్చదనం వస్తది. గోడల మీద నీళ్ల అంచు పైన చెట్టు లేని తెల్లటి పట్టీ చూస్తరు. నిండినప్పుడు మునిగేది అంత దాక. పట్టీ ఎంత వెడల్పుంటె డ్యామ్ అంత దిగినట్టు.

పట్టీ పైన అడవి. కుడిదిక్కు అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. లాంచీ చప్పుడుకు పులి వచ్చి చెయ్యి ఊపదు, ఆశ పెట్టుకోకుండ్రి. కని అది ఉన్నది, నీళ్లు తాగనీకి వస్తది, ఈదనీకి కూడ దానికి భయం లేదు. చెంచుల పెంటలు ఆ అడవిలనే. ఏ తేనె ఏ నెలల పండుతదో, ఏ గడ్డ ఎక్కడ తవ్వాల్నో వాళ్లకు తెలిసినంత ఏ పుస్తకానికీ తెల్వది. నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు, ఇవన్ని మాఘం ఫాల్గుణంల ఆకు రాలుస్తయి. ఆకు ఉంటె దాంట్ల నుంచి నీళ్లు ఆవిరైతయి, ఎండకాలం ఆ ఖర్చు భరించలేవు. అలాస్కా చెట్లు సన్నటి మైనపు ఆకులు పెట్టుకొని చలికాలమంత పచ్చగనే ఉంటయి. అక్కడ కరువు చలిది, ఇక్కడ కరువు నీళ్లది. ఏ చెట్టు సంసారం దానిది.

ఆఖరికి లింగాలగట్టు. ఎదురుగ శ్రీశైలం డ్యామ్ ఆకాశానికి లేసి ఉంటది, లాంచీ అక్కడ ఆగాల్సిందే. నిండు సాగర్ మట్టం 590 అడుగులు, నిండు శ్రీశైలం మట్టం 885. నడుమ 295 అడుగుల మెట్టు. పైనుంచి నీళ్లు కిందికి దుంకి కరెంటు చేస్తయి. మన దిక్కు గట్టు లోపల, భూమి కింద ఉన్న పవర్ హౌస్‌ల 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నయి. వాటిని ఎదురు తిప్పొచ్చు కూడ. కరెంటు మిగిలినప్పుడు సాగర్ నీళ్లను మళ్ల పైకి తోసి, కరెంటుకు గిరాకీ ఉన్నప్పుడు దుంకిస్తరు. తోసేటప్పుడు అయ్యే ఖర్చంత తిరిగి రాదు, కని అవసరానికి అందుతది. ఆపతిల అందిన పైసకు విలువ ఎక్కువ కదా.

నీళ్లు ఎక్కగలిగినయి, మరి లాంచీ ఎక్కలేదా? మెట్టు పైన ఇంకో లాంచీ తిరుగుతది, కొల్లాపూర్ దిక్కు సోమశిల నుంచి శ్రీశైలం దాక. రెండు లాంచీలు, ఒకటే కృష్ణ, కని ఒకదాన్నొకటి ఎన్నడూ కలవలేదు. పనామా కాలువల ఓడలను మూడు మెట్లల్ల 26 మీటర్లు పైకి లేపుతరు. తలుపులున్న పెద్ద తొట్టిల ఓడను పెట్టి, తలుపు మూసి, పైనుంచి నీళ్లు వదిలితె ఓడ తనంత తనే లేస్తది. మనకు కావాల్సింది 90 మీటర్లు. పనామా లెక్కన ఎన్ని మెట్లు కట్టాలె? ఒక్క లాంచీని ఎక్కించనీకి ఎన్ని నీళ్లు పైనుంచి కిందికి పోతయి? ఆ నీళ్లు కరెంటుకు ఎక్కువ పనికొస్తయా, మన షికారుకా? పెద్దోళ్లను అడగకుండ రేపటి వరకు పలక మీద గీసుకొని రాండ్రి. చిన్నోడా, మొదటి జవాబు నువ్వే చెప్పాలె.